వంతలేరి?

(విజయనగరంలో ఒక ఆదివారం సాయంత్రం, బోర్డు గేములూ కథల ఆటలూ ఆడేవాళ్లు కలిసినప్పుడు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చేయండి, ఫ్యాన్లు రెండూ ఇటే తిరుగుతున్నాయి.

నన్ను పిలిచినవాళ్లు "రోల్‌ప్లే ఆట మీద విరక్తి వస్తే ఏం చెయ్యాలో ఓ అరగంట చెప్పండి" అన్నారు. నేను డాక్టర్ని కాను, సైకాలజీ చదవలేదు. బ్యాంకులో క్యాష్ కౌంటర్ వెనక కూర్చునేవాణ్ణి. నా అర్హత ఒకటే, నాకు ఆ విరక్తి వచ్చింది. అందులో ఒక వెధవ పని కూడా చేశాను. అదీ చెబుతాను.

పిల్లల్ని దింపడానికొచ్చి కూర్చుండిపోయిన పెద్దవాళ్లు కొందరు కనబడుతున్నారు. వాళ్లకోసం రెండు ముక్కలు. ఈ ఆటలో బోర్డు ఉండాలని లేదు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటాం. ఒక్కొక్కరు ఒక్కో పాత్ర. ఒకడు దొంగ, ఒకడు వైద్యుడు, ఒకామె విలుకత్తె. ఒక మనిషి మాత్రం గేమ్ మాస్టర్, మేం జీఎం అంటాం. ఊరు, అడవి, రాక్షసుడు, రాజు, టీకొట్టువాడు, వీళ్లందరి తరఫునా మాట్లాడేది అతనే. "తలుపు తీశారు, లోపల చీకటి, ఏం చేస్తారు?" అని అతను అడుగుతాడు, వీళ్లు చెబుతారు. పని జరిగిందో లేదో పాచిక తేలుస్తుంది. నాలుగు ముఖాల పాచిక నుంచి ఇరవై ముఖాల పాచిక దాకా ఉంటాయి. ఒక కథ నెలలు, ఒక్కోసారి ఏళ్లు నడుస్తుంది. దాన్ని క్యాంపెయిన్ అంటాం. (నవ్వులు) లేదండీ, ఓట్ల క్యాంపెయిన్ కాదు.

ఈ ఆటల్లో మొదట అచ్చయింది డంజియన్స్ అండ్ డ్రాగన్స్, 1974లో. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అని ఇద్దరు తయారుచేశారు. గైగాక్స్ అంతకుముందు ఇన్సూరెన్స్ ఉద్యోగం చేసి, అది పోయాక బూట్లు బాగుచేసుకుంటూ ఈ ఆట రాశాడు. మొదట అచ్చేసింది వెయ్యి పెట్టెలు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అదే 1974లో అదే అమెరికాలో ఇంకో కాగితం అచ్చయింది. హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే సైకాలజిస్టు 'బర్నౌట్', అంటే పని చేసి చేసి లోపల కాలిపోవడం, అనే మాటని ఒక పరిశోధన పత్రంలో వాడి పెట్టాడు. ఆటా, ఆటతో వచ్చే జబ్బూ ఒకే ఏడాది పుట్టాయన్నమాట. కావాలని జరిగింది కాదు, కానీ తెలిసినప్పుడు నాకు భలే నవ్వొచ్చింది.

ఆయన చూసింది ఆఫీసుల్లో పనిచేసేవాళ్లని కాదు. న్యూయార్కులో ఒక ఉచిత వైద్యశాల ఉండేది. పగలంతా తమ తమ పనులు చేసుకుని, సాయంత్రం నుంచి అక్కడ పైసా తీసుకోకుండా పనిచేసేవాళ్లు. ఆయనా వాళ్లలో ఒకడే. ఇష్టంగా వచ్చినవాళ్లే కొన్ని నెలలకి పేషెంటుని చూస్తే చిరాకు పడే స్థితికి వచ్చారు. అది ఆయన గమనించాడు. తర్వాత 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని రాస్తూ ఇది జబ్బు కాదు, ఉద్యోగానికి సంబంధించిన స్థితి అని చెప్పింది, మూడు గుర్తులు పెట్టింది. ఒంట్లో సత్తువ పోవడం, పని మీద మనసు విరిగి ఎకసెక్కం రావడం, ఏం చేసినా సరిగా చెయ్యట్లేదనిపించడం. ఆ లెక్కన హాబీలకి ఈ మాట వాడకూడదు. కానీ ఆ మాట పుట్టిందే జీతం లేని పని దగ్గర కాబట్టి నేను వాడుకుంటాను, వాళ్లేం అనుకోరు.

మా అమ్మ దగ్గర దీనికి మాట ఉందేమోనని అడిగాను. "మొహం మొత్తిందిరా నీకు" అంది. బూరెలు తిని తిని మొహం మొత్తినట్టు. అది ఆడేవాళ్లకి సరిపోతుంది. వాళ్లు రెండు వారాలు మానేస్తే మళ్లీ ఆకలేస్తుంది. జీఎంకి వచ్చేది వేరు. పెళ్లిలో వంటవాణ్ణి చూడండి. పొద్దుట్నుంచి పొయ్యి దగ్గర నిలబడి మూడొందల మందికి వండుతాడు. అందరూ తిన్నాక విస్తరేసి కూర్చోబెడితే రెండు ముద్దలు మజ్జిగన్నం తిని లేచిపోతాడు. వాడికి మొహం మొత్తలేదు, వాడసలు తినలేదు. పొగకీ వాసనకీ ఆకలి చచ్చిపోయింది. ఈ రెండూ వేరని నాకు తెలియక, ఆటకి రెండు వారాలు సెలవిచ్చి, ఆ రెండు వారాలూ మళ్లీ వంటే చేశాను. అంటే కూర్చుని తర్వాతి సెషన్‌కి, తర్వాత మేం కలిసి ఆడే రోజుకి, కావాల్సిన కథ రాశాను.

నా సంగతి చెబుతాను. 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాదులో ఉన్నప్పుడు వీడియో కాల్‌లో ఈ ఆట నేర్చుకున్నాను. తర్వాత బదిలీ అయి సొంతూరు వచ్చేశాను. ఇక్కడ ఆడేవాళ్లెవరూ లేరు. ఒక్కొక్కరినీ పట్టుకున్నాను. మా వీధిలో మెడికల్ షాపు తమ్ముడు. పోలీసు సెలక్షన్లకి పొద్దున్నే గ్రౌండుకెళ్లే కుర్రాడు. మా చెల్లి. చెల్లి స్నేహితురాలు, ఆమె నెల్లిమర్ల నుంచి స్కూటీ మీద వచ్చేది. శనివారం సాయంత్రం మా డాబా మీద.

కొండల్లో మంచు కురిసే యూరప్ కథలు నాకు నోటికి రాలేదు. మన దేశమే వేశాను. చార్ట్ పేపరు మీద నాగావళి, చంపావతి, వంశధార గీసి, రామతీర్థం కొండ మీద పాడుబడ్డ బౌద్ధ విహారం పెట్టి, దాని కింద సొరంగం తవ్వాను. కథ చివర కళింగపట్నం రేవులో తేలాలి. మెడికల్ షాపు తమ్ముడు బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసే ఇంటి కుర్రాడి వేషం ఎంచుకున్నాడు. ఒకే పనస దుంగలో తొలిచిన వీణ, ఇంకా తీగలు వెయ్యలేదు. దాన్ని గుడ్డలో చుట్టి వీపున కట్టుకుని తిరుగుతుంటాడు. తీగలెప్పుడు వేస్తావురా అని అడిగితే "సమయం రావాలన్నా" అనేవాడు. వాడా పాత్ర గురించి మందుల బిల్లుల వెనక మూడు పేజీలు రాసుకుని తెచ్చాడు. మొదటి ఆరు నెలలు నేను గాల్లో తేలాను.

తర్వాత ఏమైందో నేను గమనించలేదు. ఇప్పుడు వెనక్కి చూసుకుంటే తెలుస్తోంది. ఒక్కో సెషన్‌కి పద్నాలుగు పేజీలు రాసేవాణ్ణి. వాళ్లు రెండు పేజీలు వాడేవాళ్లు. నేను సొరంగం రాస్తే వాళ్లు సంతకెళ్లేవాళ్లు. దానికి తోడు గ్రూపులో మెసేజీలు. బుధవారం నుంచి మొదలు. ఎవరొస్తున్నారు, ఎవరు రావట్లేదు, ఆరా ఆరున్నరా, పకోడీలా బజ్జీలా. నిజం చెబుతున్నా, రాక్షసుల్ని తయారుచెయ్యడం నన్నెప్పుడూ అలసిపెట్టలేదు. "ఒకసారి కన్ఫర్మ్ చెయ్యండి" అని నాలుగోసారి టైప్ చెయ్యడం అలసిపెట్టింది. ఇక్కడున్న జీఎంలలో ఎంతమందికి ఇది తెలుసు? (చేతులు లేచాయి, నవ్వులు) చూశారా.

దీనికితోడు ఇంటర్నెట్‌లో చూసే ఆటలు. అక్కడ ఆడేవాళ్లు గొంతుతో నటించడం వృత్తిగా పెట్టుకున్నవాళ్లు, కెమెరాలూ లైట్లూ పనివాళ్లూ వేరే. మనమేమో కౌంటర్ మూసి, క్యాష్ టాలీ చేసి, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ట్రాఫిక్ దాటి వచ్చి, అదే గొంతు రావట్లేదని బాధపడతాం. నేను బాధపడ్డాను. బాధపడ్డప్పుడల్లా ఇంకో రూల్ పుస్తకం ఆర్డరిచ్చాను. ఇప్పటికీ రెండింటికి ప్లాస్టిక్ కవరు విప్పలేదు.

ఒక శనివారం మబ్బు పట్టింది. ఐదున్నరకి చాప పరుస్తూ "కరెంటు పోతే బాగుణ్ణు" అనుకున్నాను. పైకి అనలేదు, లోపలే. దేవుడు విన్నాడు, ఆరుంబావుకి కరెంటు పోయింది. హమ్మయ్య అనుకునేలోగా నలుగురూ ఫోన్ టార్చీలు వెలిగించి వాటి మీద నీళ్ల సీసాలు పెట్టారు. సొరంగంలో ఉన్నట్టే ఉందన్నా అని ఒకటే సంబరం. ఆ సంబరం చూసి నాకు కోపం వచ్చింది. నా స్నేహితులు, నేను పిలిస్తే వచ్చినవాళ్లు, నేను పెట్టిన ఆటలో సంతోషంగా ఉన్నారు, అదే నాకు కోపం.

ఇందాక చెప్పిన వెధవ పని ఆ రోజే జరిగింది. జీఎం తన పాచికలు ఎవరికీ కనబడకుండా ఒక అట్ట అడ్డం పెట్టుకుంటాడు. నాది పాత క్యాలెండరు అట్ట. వీణ కుర్రాడు సొరంగం కాపలావాడితో తలపడ్డాడు. కాపలావాడి బల్లెం తగలాలంటే నాకు ఇరవై ముఖాల పాచిక మీద 15 రావాలి. వేశాను. 4 వచ్చింది. "తగిలింది" అన్నాను.

ఎందుకన్నానో నాకిప్పటికీ సరిగా తెలీదు. ఆ పోరు తొందరగా అయిపోవాలి, ఇంటికి పోవాలి. మా ఇంట్లోనే ఉండి ఇంటికి పోవాలనుకున్నాను, చూడండి. వాడికి మిగిలింది మూడు పాయింట్ల ప్రాణం. పడిపోయాడు. పడినవాడు చావు తప్పించుకోడానికి తన పాచిక తనే వేసుకోవాలి, పది లోపు మూడుసార్లు వస్తే అయిపోయినట్టు. మూడూ పది లోపే వచ్చాయి. అవి వాడు వేసుకున్నవే, వాటిలో మోసం లేదు. కానీ వాణ్ణి పడేసింది నా అబద్ధం. తమ్ముడు ఏమీ అనలేదు. పెన్సిలు తీసుకుని కాగితం మీద 'వీణ' అని రాసున్నచోట చిన్న గీత పెట్టి, "దీన్ని ఎవరైనా మోసుకెళ్లండి" అన్నాడు. చెల్లి తన సామాన్ల జాబితాలో రాసుకుంది.

అలసటైతే నిద్రపోతే పోతుంది. ఇష్టమైనవాళ్ల మీద ఎకసెక్కం మొదలైతే మాత్రం అది అలసట కాదు, ఆగాలి. నేను ఆగలేదు. ఇంకో మూడు సెషన్లు లాక్కొచ్చాను.

ఆపించింది మా మావయ్య. గజపతినగరం వైపు పల్లెలో ఉంటాడు, కుర్రతనంలో బుర్రకథ దళంలో వంత పాడేవాడు. పైడితల్లమ్మ సిరిమాను పండక్కి వచ్చి మా ఇంట్లో దిగాడు. శనివారం మేం ఆడుతుంటే నవారు మంచం మీద పడుకుని గంటసేపు చూశాడు. అందరూ వెళ్లాక, "ఒరే, కథ నువ్వే చెప్తన్నావు. రాజూ నువ్వే, రాచ్చసుడూ నువ్వే, ఎర్రటీ నువ్వే కలిపి తెస్తన్నావు. మరి వంతలేరిరా?" అన్నాడు.

బుర్రకథ చూసినవాళ్లకి తెలుసు. మధ్యలో కథకుడు తంబురా పట్టుకుని చెబుతాడు. అటొకడు ఇటొకడు వంతలు. ఒకరు హాస్యం, ఒకరు లోకం సంగతులు. వాళ్లు తందాన తాన అన్నప్పుడు ప్రేక్షకులకి అది పల్లవి, మావయ్య దృష్టిలో మాత్రం కథకుడికి ఊపిరి. "ఆడు గుక్క తిప్పుకోవాల కదా. మేం తాన అనకపోతే రెండో ఘట్టానికే దగ్గొచ్చి కూలబడతాడు" అన్నాడు. వంత ప్రశ్న వేస్తాడు, జోకు వేస్తాడు, "ఆ తర్వాతేటి?" అంటాడు. ఆ కాస్సేపట్లో కథకుడు ముందేం చెప్పాలో తలచుకుంటాడు. సాయం చేస్తున్నట్టు కనబడకుండా చేసే సాయం అది. ఊళ్లల్లో రాత్రి పొడుగునా కథ నడిచేదంటే అందుకే.

మర్నాడు కోట దగ్గర టీ కొట్టులో అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. నావల్ల కావట్లేదు, ఆపేద్దాం అన్నాను. పోలీసు సెలక్షన్ల కుర్రాడు "మేమేటి జీతం ఇస్తన్నామా అన్నా, సెలవు అడగడానికి?" అన్నాడు. మా చెల్లి ఊరుకోలేదు. "మరి నాలుగు నెలల్నుంచి మొహం అలా పెట్టుకుని ఎందుకు ఆడించావు?" అంది. నా దగ్గర జవాబు లేదు. మూడు నెలలు ఆపాం. మొదటి నెల నేను ఏమీ రాయకూడదని చెల్లి షరతు. నోటు పుస్తకం తన బీరువాలో పెట్టుకుంది.

మళ్లీ మొదలుపెట్టినప్పుడు పని పంచుకున్నాం. పోయినసారి కథ ఎక్కడిదాకా వచ్చిందో నెల్లిమర్ల అమ్మాయి చెబుతుంది. నేను మర్చిపోయినవి కూడా ఆమెకి గుర్తుంటాయి, కొన్ని సొంతంగా కలుపుతుంది, కలిపినవి నాకు పనికొస్తాయి. ఎవరి దగ్గర ఎన్ని బాణాలు, ఎంత బంగారం, ఆ లెక్కంతా చెల్లిది. రూల్ మీద గొడవొస్తే పుస్తకం తీసేది సెలక్షన్ల కుర్రాడు. రెండు నిమిషాల్లో దొరక్కపోతే పాచిక వేసి ముందుకెళ్లిపోతాం. సెషన్ ఎప్పుడనే గొడవ మాత్రం అసలు లేకుండా చేశాం. బ్యాంకులకి 2015 సెప్టెంబరు నుంచి రెండో శనివారం, నాలుగో శనివారం సెలవు. అవే మా ఆట రోజులు. అడగడాల్లేవు, కన్ఫర్మ్ చెయ్యడాల్లేవు. ముగ్గురొస్తే అసలు కథ. ఇద్దరే వస్తే పిట్టకథ.

పిట్టకథ అంటే ఇంగ్లీషులో వన్‌షాట్ అంటున్నారే, అదే. హరికథలో కథ బరువెక్కినప్పుడు దాసుగారు పక్కకి జరిగి చిన్న కథ చెప్పి నవ్వించి మళ్లీ దారిలోకొస్తారు. ఆదిభట్ల నారాయణదాసుగారు తిరిగిన ఊరు మనది, దీనికి వేరే పేరు వెతుక్కోవడం దేనికి? పిట్టకథ ఒక్క రాత్రిలో అయిపోవాలి. అందులో జీఎం కుర్చీ ఎవరైనా ఎక్కొచ్చు. మొదటిసారి సెలక్షన్ల కుర్రాడు ఎక్కాడు. కథంతా ఒక గేదె తప్పిపోవడం గురించే. రూల్స్ సగం తప్పు. దిద్దకుండా కూర్చోడానికి నేను పళ్లు బిగబట్టాల్సొచ్చింది. కానీ కౌంటరు వెనక కూర్చునేవాడు కౌంటరు ముందుకొచ్చి నిలబడితే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. గేదె దొరికింది. నాకు ఆకలేసింది కూడా, నిజంగానే, బజ్జీలు నేనే ఎక్కువ తిన్నాను.

రాసుకోవడం విషయంలో నా నియమం పోస్టుకార్డు. తపాలాఫీసులో అర్ధరూపాయికి ఇస్తున్నారు, పది కొనుక్కొచ్చాను. సెషన్‌కి ఒక కార్డు. ఒక చిక్కు, ఒక చోటు, ముగ్గురు మనుషులు, ఆ ముగ్గురికీ ఏం కావాలో తలో వాక్యం. కార్డు నిండితే ఆపేస్తాను. ఇది అందరికీ కుదరదు. రాసుకోవడమే సరదాగా ఉండేవాళ్లు కొందరుంటారు, వాళ్లు పద్నాలుగు పేజీలూ రాసుకోవచ్చు. ఆ పేజీలు ఆటలో వాడలేదని ఎదుటివాళ్ల మీద కోపం రానంతవరకూ పరవాలేదు.

ఆడేవాళ్ల విసుగు గురించి కూడా ఒక మాట. సెషన్లో ఫోన్ చూస్తున్నాడని సెలక్షన్ల కుర్రాణ్ణి నేను తెగ కోప్పడేవాణ్ణి. తర్వాత లెక్క చూస్తే వరసగా నాలుగు సెషన్లు వాడి పాత్రకి నేను చేతినిండా పని పెట్టలేదు. ఫోన్ కాకపోతే ఏం చూస్తాడు?

ఇంకోటి, ఇది జోకు కాదు. ఆట ఒక్కటే చప్పబడితే ఆట సంగతి చూసుకోవచ్చు. నిద్ర, తిండి, ఉద్యోగం, మనుషులు అన్నీ చప్పబడితే దాన్ని ఆట మీదికి నెట్టెయ్యకండి. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి టెలీ మానస్ అని ప్రభుత్వ ఫోన్ లైను ఉంది, 14416. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. నంబరు బోర్డు మీద రాశారు, సిగ్గుపడకుండా ఫోన్లో ఎక్కించుకోండి.

పాత కథ ఏమైందని ఇందాక ఎవరో అడిగారు. మామూలుగా క్యాంపెయిన్లు ఎలా ఆగుతాయో మీకు తెలుసు. ఎవరూ ఆపరు. ఒక వారం కుదరదు, రెండు వారాలు కుదరదు, గ్రూపులో గుడ్ మార్నింగులు మిగులుతాయి. నాకది నచ్చలేదు. హరికథకి మంగళం పాడి లేస్తారు కదా, అలాగే పాడేద్దామన్నాను. ఇంకా పది సెషన్లకని దాచుకున్నవన్నీ పక్కన పెట్టి, ఒకే రాత్రిలో కళింగపట్నం రేవుకి చేర్చాను. చెల్లి పాత్ర వీపున ఆ వీణ ఉంది. రేవులో దానికి తీగలు వేయించారు. ఎవరు వాయించాలని అడిగాను. అందరూ మెడికల్ షాపు తమ్ముడి వైపు చూశారు. వాడు అప్పటికి వేరే పాత్ర ఆడుతున్నాడు, ఒక పడవవాడు. పడవవాడు వీణ తీసుకుని ఒక్కసారి మీటి ఇచ్చేశాడు. అంతే.

అందరూ చెప్పులేసుకుంటుంటే తమ్ముణ్ణి పక్కకి పిలిచి అసలు సంగతి చెప్పాను. ఆ రోజు వచ్చింది 4 అని.

"తెలుసన్నా" అన్నాడు. "అట్ట వెనక నీ స్టీలు గ్లాసుంది కదా. టార్చి వెలుగులో దాంట్లో పాచిక కనబడింది."

మరి అప్పుడే ఎందుకు అడగలేదురా అన్నాను.

"నీ మొహం బాలేదు ఆ రోజు. అడిగితే ఇంక పిలవవేమో అనుకున్నాను."

ఇప్పుడు జీఎం వాడే. అట్ట పెట్టుకోడు, పాచిక బల్ల మధ్యలో వేస్తాడు. నా పాత్ర ఒక దొంగ, పోయిన నాలుగో శనివారం గోడ దూకుతూ 1 వేసి బావిలో పడ్డాడు. ఇంకా బావిలోనే ఉన్నాడు. టీ వచ్చిందంటున్నారు, ప్రశ్నలేవైనా ఉంటే తాగుతూ మాట్లాడుకుందాం.